జాజ్ కోసం డ్రమ్ కిట్‌ను శ్రుతి చేయడం: హెడ్‌లు, టామ్‌ల మధ్య స్వర దూరం, బాస్ డ్రమ్

విశాఖ లయ:
సభ్యులందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా సినిమా పాటల ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తున్నాను. ఇప్పుడు పియానో, డబుల్ బాస్, డ్రమ్స్ మాత్రమే ఉండే ఒక జాజ్ త్రయంలో వాయించే అవకాశం వచ్చింది. చిన్న గదిలో, డ్రమ్స్‌కు మైకులు లేకుండా, సగం బాణీలు బ్రష్‌లతోనే (సన్నని తీగల కుచ్చులతో) వాయించాలి. నా కిట్‌లో కాలితో వాయించే 22 అంగుళాల బాస్ డ్రమ్, 10, 12 అంగుళాల టామ్‌లు (పైన అమర్చే చిన్న డ్రమ్‌లు), నేల మీద నిలిచే 16 అంగుళాల ఫ్లోర్ టామ్, కింద తీగలు ఉండే 14 అంగుళాల స్నేర్ ఉన్నాయి. టామ్‌లకు రెండు పొరల పారదర్శక హెడ్‌లు (డ్రమ్ మూతలు) బిగించి ఉన్నాయి. బాస్ డ్రమ్ లోపల దిండు ఉంది, ముందు హెడ్‌కు రంధ్రం ఉంది. వేదిక మీద మైకులతో ఈ అమరిక చక్కగా పనిచేసింది. ఇక్కడ మాత్రం మెల్లగా వాయిస్తే టామ్‌లు అసలు పలకడం లేదు. బ్రష్‌ను స్నేర్ మీద తిప్పితే గాలి చప్పుడు తప్ప మరేమీ వినిపించడం లేదు. బాస్ డ్రమ్ కొట్టినప్పుడల్లా తన స్వరం మునిగిపోతోందని డబుల్ బాస్ కళాకారుడు అంటున్నారు. 18 అంగుళాల బాస్ డ్రమ్ ఉన్న చిన్న కిట్ కొనడం తప్పనిసరా, లేక ఉన్నదానినే జాజ్‌కు తగినట్టు శ్రుతి చేయవచ్చా?

బ్రష్‌ల బడి:
కొనవలసిన అవసరం లేదండీ. ముందు హెడ్‌లు మార్చండి, దిండు తీసేయండి, ఆ తర్వాతే శ్రుతి మరలు తిప్పే కీ చేతిలోకి తీసుకోండి. మీ కిట్ ఇప్పుడు మైకు కోసం సిద్ధమై ఉంది. దగ్గరగా పెట్టిన మైకుకు దెబ్బ మొదటి క్షణం స్పష్టంగా అందితే చాలు, మిగతాదంతా మిక్సర్ చూసుకుంటుంది. జాజ్‌లో డ్రమ్ తన నాదాన్ని తానే గది చివరి వరసదాకా పంపాలి, అదీ చాలా మెల్లగా వాయించినప్పుడు కూడా పంపాలి. రెండు పొరల హెడ్‌ను కదిలించడానికే కొంత బలం ఖర్చవుతుంది, మెల్లని దెబ్బలో అంత బలం ఉండదు. అందుకే జాజ్ వాదకులలో ఎక్కువమంది పైన, కింద ఒకే పొర ఉన్న హెడ్‌లనే వాడుతారు. పై హెడ్‌కు 10 మిల్ మందం, అంటే దాదాపు పావు మిల్లీమీటరు, తెల్లని గరుకు పూత ఉన్న రకం తీసుకోండి. రెమో అంబాసిడర్ కోటెడ్, ఎవాన్స్ జీ1 కోటెడ్ ఈ తరగతికి చెందినవే. స్నేర్ విషయంలో ఈ పూత మరీ ముఖ్యం. బ్రష్ తీగలు ఆ గరుకు మీద రాసుకోవడం వల్లే ఆ ఒరిపిడి స్వరం పుడుతుంది. నునుపైన హెడ్ మీద ఎంత నేర్పు ఉన్నా అది రాదు. పూత అరిగి నడుమ నల్లబడిన హెడ్ కూడా బ్రష్‌లకు పనికిరాదు.

ఇక శ్రుతి చేసే క్రమం చెబుతాను. ప్రతి టామ్‌కూ కింది హెడ్‌తో మొదలుపెట్టండి. పాత హెడ్ తీసిన తర్వాత షెల్ (డ్రమ్ గుండ్రని దేహం) అంచును మెత్తని గుడ్డతో తుడిచి, ఎక్కడైనా చెక్క లేచిందేమో వేలితో తడిమి చూడండి. అంచు సమంగా లేని డ్రమ్‌ను ఎంత సేపు కూర్చున్నా శ్రుతిలో పెట్టలేం. హెడ్ అమర్చి, దానిని బిగించే రాడ్లన్నిటినీ ముందు వేళ్లతోనే ఆగేంతవరకు తిప్పండి. తర్వాత కీతో ఒక రాడ్‌ను పావు చుట్టు తిప్పి, దానికి ఎదురుగా ఉన్న రాడ్‌ను అంతే తిప్పండి. ఇలా ఎదురెదురు జతలుగా సాగాలి తప్ప వరసగా చుట్టూ తిరగకూడదు. వరసగా బిగిస్తే హూప్ (హెడ్‌ను పట్టి ఉంచే వలయం) ఒక పక్కకు ఒరుగుతుంది, ఆ ఒరుగు చివరిదాకా వదలదు. ముడతలు పోయి ఒక స్వరం వినిపించడం మొదలయ్యాక అరచేతితో హెడ్ మధ్య భాగాన్ని ఒకసారి మెల్లగా నొక్కి అంచు మీద కూర్చోనివ్వండి. అప్పుడు ప్రతి లగ్ (రాడ్ దిగే చోటు) దగ్గరా, హూప్ నుంచి ఒక అంగుళం లోపలికి, పుల్ల చివరతో తట్టుతూ వినండి. మధ్యలో ఒక వేలు మెల్లగా ఆనిస్తే మోత తగ్గి లగ్ స్వరం తేటగా వినిపిస్తుంది. స్వరం తక్కువ స్థాయిలో (ఎత్తులో) ఉన్న చోటును పైకి తీసుకురావాలి. ఎక్కువగా ఉన్నదానిని దించవలసి వస్తే, కావలసిన స్థాయి కంటే కొంచెం కిందికి దించి మళ్లీ పైకి బిగించండి. కిందికి వదిలి ఆపిన రాడ్ వాయిస్తుండగా ఇంకా జారుతుంది.

ఇది పూర్తి చేశాక డ్రమ్‌ను తిప్పి పై హెడ్‌ను కూడా ఇలాగే బిగించండి. రెండూ ఒకే స్థాయిలో ఉంటే నాదం ఎక్కువ సేపు నిలుస్తుంది. కింది హెడ్‌ను కొంచెం పైస్థాయిలో ఉంచితే దెబ్బ తేటగా ఉండి మోత త్వరగా అణుగుతుంది. జాజ్‌కు నేను రెండో పద్ధతినే ఇష్టపడతాను. టేపులు, జెల్ ముక్కలు ఈ దశలో ముట్టుకోకండి. హెడ్ సమంగా లేకపోవడం వల్ల వచ్చే వికారపు మోతను టేపుతో కప్పితే, దానితోపాటు డ్రమ్ గొంతు కూడా పోతుంది.

నాద శాస్త్రం:
బ్రష్‌ల బడి గారు చెప్పిన క్రమానికి కారణాలను జతచేస్తాను. వృత్తాకారపు పొర స్వర స్థాయి దాని వ్యాసానికి విలోమంగా, బిగువు వర్గమూలానికి అనులోమంగా మారుతుంది. అంటే బిగువును రెట్టింపు చేసినా స్థాయి రెట్టింపు కాదు, 1.41 రెట్లు మాత్రమే అవుతుంది. షడ్జం నుంచి ప్రతి మధ్యమం వరకు వెళ్లడానికే రెట్టింపు బిగువు కావాలన్న మాట. డ్రమ్‌ను దాని సహజమైన పరిధి దాటి పైకి లాగడం ఎందుకు కష్టమో దీనివల్ల అర్థమవుతుంది.

ఇప్పుడు విశాఖ లయ గారి కిట్‌ను ఈ లెక్కతో చూద్దాం. 12, 16 అంగుళాల డ్రమ్‌ల నిష్పత్తి 3:4. రెండింటికీ ఒకే రకం హెడ్ వేసి ఒకే బిగువులో ఉంచితే, చిన్నది పెద్దదానికి సరిగ్గా శుద్ధ మధ్యమం ఎత్తున పలకాలి. లోపలి గాలి, షెల్ లోతు ఈ లెక్కను కొంచెం జరుపుతాయి కానీ చెవికి ఆ బంధం తెలుస్తుంది. జాజ్ వాదకులు టామ్‌ల మధ్య చాలా తరచుగా కోరుకునే స్వర దూరం కూడా ఇదే. ప్రసిద్ధమైన చిన్న జాజ్ కిట్‌లో ఉండే 12, 14 అంగుళాల జతకు ఈ సౌకర్యం లేదు. ఒకే బిగువులో వాటి మధ్య దూరం సాధారణ గాంధారం కంటే కూడా కొంచెం తక్కువ. మధ్యమం కావాలంటే 12 అంగుళాలదానికి సుమారు 30 శాతం ఎక్కువ బిగువు ఇవ్వాలి. కాబట్టి మీ 10 అంగుళాల టామ్‌ను ఇంట్లో ఉంచి, 12, 16లతో వెళ్లండి. ఈ జతను సమకూర్చుకోవడం సులభం.

పాత రికార్డుల శ్రోత:
లెక్కలు బాగున్నాయి. అయితే జాజ్ డ్రమ్ నాదం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఏది ఎందుకో ఇంకా స్పష్టమవుతుంది. 1940ల మొదట్లో న్యూయార్క్ హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్ అనే క్లబ్బులో డ్రమ్స్ వాదకుడు కెనీ క్లార్క్ తాళాన్ని బాస్ డ్రమ్ మీది నుంచి రైడ్ సింబల్ (పెద్ద లోహపు పళ్లెం) మీదికి తెచ్చారు. అంతకుముందు బాస్ డ్రమ్ ప్రతి మాత్రనూ గట్టిగా మోసేది. తర్వాత అది అవసరమైన చోట ఒక ఉలికిపాటులా పడే స్వరమైంది. స్నేర్, టామ్‌లు కూడా సింబల్‌తో సంభాషించే గొంతులయ్యాయి. సంభాషణ అంటే ఒక్కో గొంతు విడిగా గుర్తుపట్టేలా ఉండాలి. మరో డ్రమ్స్ వాదకుడు మాక్స్ రోచ్ సోలోలు వినండి. టామ్‌లు, స్నేర్, బాస్ డ్రమ్ ఎంత పైస్థాయిలో, ఎంత తేటగా ఉంటాయంటే, ఒక వాక్యాన్ని ఆయన ఏ డ్రమ్ దగ్గర మొదలుపెట్టి ఏ డ్రమ్ దగ్గర ముగించారో పాడి చూపించవచ్చు.

18 అంగుళాల బాస్ డ్రమ్ కూడా ఈ క్రమంలోనే వచ్చింది. చిన్న క్లబ్బుల వేదికలకు, మోసుకెళ్లడానికి అనుకూలం కావడం దానికి తోడైంది. 1963లో 17 ఏళ్ల వయసులో ట్రంపెట్ వాదకుడు మైల్స్ డేవిస్ బృందంలో చేరిన డ్రమ్స్ వాదకుడు టోనీ విలియమ్స్ గ్రెచ్ కంపెనీ చిన్న కిట్‌తో వినిపించిన ఆ ఎత్తైన, మోగే నాదాన్నే ఇప్పటికీ చాలామంది జాజ్ శ్రుతి అంటారు. అదే విలియమ్స్ 1970లలో 24 అంగుళాల బాస్ డ్రమ్‌కు మారారు. కాబట్టి కిట్ చిన్నదైతేనే జాజ్ అన్న మాట నిలవదు.

ఇంకొక సంగతి. 1950ల ద్వితీయార్ధం వరకు డ్రమ్‌ల మీద ఉన్నది దూడ చర్మమే. రెమో బెల్లీ తన సంస్థను స్థాపించినది 1957లో, ప్లాస్టిక్ హెడ్‌లు వ్యాపించినది ఆ తర్వాతే. తొలి బీబాప్ (1940ల నాటి జాజ్ శైలి) రికార్డులలో వినిపించే వెచ్చదనం చర్మానిది. దానికి దగ్గరగా రావాలనుకునేవారు పీచు గుణం ఉన్న ఫైబర్‌స్కిన్ రకం హెడ్‌లను ప్రయత్నించవచ్చు. బాస్ డ్రమ్ మీద అవి నాకు చాలా నచ్చుతాయి.

మృదంగ విద్యార్థి:
ఈ చర్చ చదువుతుంటే ఒక ప్రశ్న కలిగింది. మేము మృదంగం కుడి మూతను గాయకుల ఆధార షడ్జానికి చేరుస్తాం. కచేరీ మధ్యలో శ్రుతి కాస్త జారినా రాయితో, కర్రతో సరిచేసుకుంటాం. జాజ్ డ్రమ్స్‌ను కూడా పాట శ్రుతికి చేరుస్తారా? చేర్చకపోతే టామ్‌లు పియానోతో అపస్వరం పలకవా?

నాద శాస్త్రం:
చాలా మంచి ప్రశ్న అడిగారు. సాధారణ పొర మీద పుట్టే ఉపస్వరాలు మూల స్వరానికి 1.59, 2.14, 2.30 రెట్లు, ఇలా ఉంటాయి. ఇవి పూర్ణ గుణిజాలు కావు కాబట్టి చెవి వాటిని కలిపి ఒక స్పష్టమైన స్వరంగా గుర్తించదు, ఒక ఎత్తుగా మాత్రమే గుర్తిస్తుంది. మృదంగం కుడి మూత నడుమ ఉన్న నల్లని పూత ఈ స్వభావాన్నే మార్చివేస్తుంది. అది పొర నడిమి భాగానికి బరువునిచ్చి ఉపస్వరాలను 1, 2, 3, 4, 5 రెట్లకు దగ్గరగా తెస్తుంది. 1920లో నేచర్ పత్రికలో సి.వి.రామన్ తన సహ పరిశోధకునితో కలిసి ఈ విషయాన్నే వివరించారు. ఆయన బాల్యం, పాఠశాల చదువు విశాఖపట్నంలోనే గడిచాయన్నది ఈ చర్చ మొదలుపెట్టినవారికి సంతోషం కలిగించే సంగతి. మృదంగానికి ఆ పూత వల్ల స్వరం దొరికింది కాబట్టి శ్రుతికి చేర్చడంలో అర్థం ఉంది. టామ్‌కు ఆ పూత లేదు. ఒక సాయంత్రంలో జాజ్ బృందం ఎన్నో శ్రుతులలో వాయిస్తుంది, ఒకే బాణీలో కూడా శ్రుతి మారుతుంది. కాబట్టి పాటతో కాదు, డ్రమ్‌లు ఒకదానితో ఒకటి పొసగడమే చూసుకోవాలి.

బ్రష్‌ల బడి:
నేను కూడా అదే చెబుతాను, కానీ ఒక జాగ్రత్తతో. ముందే ఒక స్వరం అనుకుని డ్రమ్‌ను బలవంతంగా అక్కడికి లాగకండి. వదులు నుంచి కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే, ఒక చోట డ్రమ్ అకస్మాత్తుగా తెరుచుకుని నిండుగా మోగుతుంది, ఇంకా పైకి పోతే మళ్లీ బిగుసుకుపోతుంది. ఆ నిండైన ప్రాంతంలో పై భాగమే జాజ్‌కు అనుకూలం. కావలసిన దూరాన్ని ఆ పరిధిలోనే వెతకాలి. 12 అంగుళాలది 131 హెర్ట్జ్ దగ్గర, 16 అంగుళాలది 98 దగ్గర, స్నేర్ 196 చుట్టుపక్కల పెట్టి మొదలుపెట్టండి. ఫోన్‌లోని శ్రుతి యాప్‌తో చూసేటప్పుడు ఒక తేడా మరచిపోవద్దు. మధ్యలో కొడితే వచ్చే మూల స్వరం వేరు, లగ్ దగ్గర తట్టితే వచ్చే స్వరం వేరు. రెండోది ఎప్పుడూ ఎత్తుగానే ఉంటుంది.

విశాఖ లయ:
అందరికీ కృతజ్ఞతలు. హెడ్‌లు మార్చి, 10 అంగుళాల టామ్ తీసేసి, మీరు చెప్పిన స్థాయిలలో పెట్టాను. టామ్‌లు బ్రష్‌తో తాకినా పలుకుతున్నాయి. రెండు సమస్యలు మాత్రం మిగిలాయి. 12 అంగుళాల టామ్ కొట్టినప్పుడల్లా స్నేర్ తీగలు జిరజిరమంటున్నాయి. డబుల్ బాస్ కళాకారుడు పై తీగను ఖాళీగా మీటినప్పుడు ఫ్లోర్ టామ్ తనంతట తానే హుమ్మంటోంది. బాస్ డ్రమ్ గురించి కూడా ఇంకా వివరంగా తెలుసుకోవాలని ఉంది.

నాద శాస్త్రం:
రెండో సమస్యకు కారణం అంకెలోనే ఉంది. డబుల్ బాస్ పై తీగ 98 హెర్ట్జ్. మీ ఫ్లోర్ టామ్ కూడా సరిగ్గా అక్కడే ఉంది కాబట్టి అనునాదం చేస్తోంది. ఫ్లోర్ టామ్‌ను అర స్వరం పైకి, దాదాపు 104కు తీసుకెళ్లండి, 12 అంగుళాలదానిని కూడా అంతే జరపండి. డబుల్ బాస్ ఖాళీ తీగలు 41, 55, 73, 98 హెర్ట్జ్ అని గుర్తుంచుకుంటే బాస్ డ్రమ్‌కు కూడా పనికొస్తుంది.

బ్రష్‌ల బడి:
స్నేర్ తీగల జిరజిరను పూర్తిగా పోగొట్టలేం, పోగొట్టాలని ప్రయత్నించకూడదు కూడా. కొద్దిపాటి జిరజిర ఈ కిట్‌ను ఒకే వాద్యంగా కలుపుతుంది. మితిమీరినప్పుడు ముందు 12 అంగుళాల టామ్ కింది హెడ్‌ను కొంచెం పైకో కిందికో జరిపి చూడండి. తగ్గకపోతే స్నేర్ కింది హెడ్‌లో తీగల రెండు కొసల దగ్గర ఉన్న నాలుగు రాడ్లను కొద్దిగా వదలండి. అక్కడ హెడ్ కాస్త సడలితే తీగలు దానికి ఇంకా దగ్గరగా అతుక్కుంటాయి. తీగలను మాత్రం బిగించకండి. జాజ్‌లో స్నేర్‌ను పాడుచేసేది అన్నిటికంటే ఎక్కువగా ఆ బిగింపే. తీగలను పూర్తిగా వదిలి, అంచు దగ్గర వేలి కొనతో తట్టుతూ స్ట్రెయినర్ మరను (తీగల బిగువును మార్చేది) కొద్దికొద్దిగా తిప్పండి. ఆ వేలి తట్టుకు తీగలు స్పష్టంగా బదులు పలికిన చోట ఆపేయండి. కింది హెడ్ 3 మిల్ మందమే ఉంటుంది, అది బాగా బిగువుగా ఉండాలి. కానీ దానిని అరచేతితో నొక్కి కూర్చోబెట్టే ప్రయత్నం చేయవద్దు, చిరిగిపోతుంది. పై హెడ్‌ను మరీ రాయిలా బిగిస్తే బ్రష్ తిప్పినప్పుడు లోపలి గాలి కదలక స్వరం సన్నబడుతుంది. కర్ర చక్కగా ఎగరాలి, బ్రష్ కింద హెడ్ కొంచెం లొంగాలి. మధ్యస్థం కంటే ఒక మెట్టు పైన ఉంచండి.

సాన్ హొసే లయ:
బాస్ డ్రమ్ గురించి నేను చెబుతాను. కాలిఫోర్నియాలో డబుల్ బాస్ పక్కన కూర్చుని వాయించడం నాకు అలవాటు, ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. దిండు తీయండి, రంధ్రం లేని ముందు హెడ్ వేయండి. దిండు ఉన్న బాస్ డ్రమ్‌కు స్వరం ఉండదు, ధబ్బుమనే తాకిడే ఉంటుంది. అది డబుల్ బాస్ స్వరం మొదలయ్యే క్షణాన్నే కప్పేస్తుంది. మీ సహవాదకుడి ఫిర్యాదు అదే. తెరిచిన డ్రమ్‌కు గుండ్రని స్వరం ఉంటుంది, మెల్లగా వాయిస్తే అది బాస్ స్వరం కింద ఒదిగిపోతుంది.

22 అంగుళాలదానిని మరీ కిందికి వదలకండి. 55కూ 73కూ నడుమ, 62 హెర్ట్జ్ ప్రాంతంలో పెడితే బాస్ ఖాళీ తీగలలో దేనితోనూ ముడిపడదు. ముందు హెడ్‌ను కొట్టే హెడ్ కంటే కొంచెం బిగువుగా ఉంచండి. మోత మరీ ఎక్కువగా అనిపిస్తే కొట్టే హెడ్‌కూ షెల్‌కూ మధ్య రెండు మూడు అంగుళాల వెడల్పున్న ఫెల్ట్ పట్టీని, మధ్యకు కాస్త పక్కగా, నిలువునా సాగదీసి అమర్చండి. చర్మపు హెడ్‌ల కాలం నుంచీ వాడుకలో ఉన్న ఉపాయం ఇది. బీటర్ (పెడల్‌కు ఉండే కొట్టే సుత్తి) కూడా మెత్తని ఫెల్ట్‌దో ఉన్నిదో వాడండి, ప్లాస్టిక్ ముఖం వద్దు.

ఇదంతా చేసినా పాదం మారకపోతే ఫలితం దక్కదు. బీటర్‌ను హెడ్‌కు అదిమి ఉంచకుండా వెంటనే వెనక్కి రానివ్వాలి. నడిచే బాస్ (ప్రతి మాత్రకూ ఒక స్వరం వేస్తూ సాగే బాస్) కింద నాలుగు మాత్రలనూ, శ్రోతకు విడిగా వినిపించనంత మెల్లగా, బీటర్‌ను రెండు మూడు అంగుళాలకు మించి కదపకుండా వేయడం సాధన చేయండి. బాస్ డ్రమ్ సరైన శ్రుతిలో ఉంటే ఆ మెల్లని దెబ్బకు డబుల్ బాస్ స్వరమే ఇంకొంచెం లావైనట్టు ఉంటుంది.

పాత రికార్డుల శ్రోత:
ఒక చోట విభేదిస్తాను. ఈ చర్చలో చెప్పినదంతా చిన్న బృందానికి నిజమే. 16, 17 మంది ఉన్న బిగ్ బ్యాండ్‌లో ఇదే శ్రుతితో కూర్చుంటే బూరల మధ్య డ్రమ్స్ కనబడకుండా పోతాయి. డ్రమ్స్ వాదకుడు బడ్డీ రిచ్ తన పెద్ద బృందంలో 24 అంగుళాల బాస్ డ్రమ్ వాడారంటే కారణం ఉంది. ట్రంపెట్‌ల వరస ఒక్కుమ్మడిగా లేచినప్పుడు దాని కింద నిలబడడానికి లోతు కావాలి. విశాఖ లయ గారూ, రేపు మీకు అలాంటి బృందం నుంచి పిలుపు వస్తే టామ్‌లను ఒక స్వరం కిందికి దించండి, బాస్ డ్రమ్‌ను కూడా దించండి. 22 అంగుళాల డ్రమ్ రెండు చోట్లా పనికొస్తుంది, 18 అంగుళాలదానికి ఆ వెసులుబాటు లేదు.

సాన్ హొసే లయ:
బాస్ డ్రమ్ విషయంలో అంగీకరిస్తాను, టామ్‌ల విషయంలో కాదు. బిగ్ బ్యాండ్‌లో కూడా ఎత్తుగా ఉన్న టామ్ బూరలను చీల్చుకుని వినిపిస్తుంది. కిందికి దించిన టామ్ ట్రాంబోన్‌ల స్థాయిలో కలిసిపోతుంది. నేనైతే దించను.

మృదంగ విద్యార్థి:
ఒక్క సందేహం. మాకు వాన కాలం వచ్చిందంటే మూతలు ఒక తీరున ఉండవు. ప్లాస్టిక్ హెడ్‌లకు ఆ బెడద ఉండదు కదా?

బ్రష్‌ల బడి:
తేమ బెడద లేదు, వేడి బెడద ఉంది. ప్లాస్టిక్ పొర తేమను చర్మంలా పీల్చుకోదు కానీ వేడికి సాగి సడలుతుంది, చల్లబడితే బిగుస్తుంది. ఏసీ గదిలో శ్రుతి చేసిన కిట్‌ను మే నెలలో ఆరుబయటి వేదిక మీదికి తెస్తే స్థాయి దిగుతుంది. అందుకే డ్రమ్‌లను వాయించే చోటికి ముందే చేర్చి, ఆ గాలికి అలవాటు పడనిచ్చి, అప్పుడు కీ పట్టుకోవాలి.

విశాఖ లయ గారికి ఇంకొక మాట. కార్యక్రమానికి ముందు డ్రమ్‌లను ఒక్కొక్కటిగా కూర్చుని వినకండి. రైడ్ సింబల్ వాయిస్తూ, ఎడమ చేత్తో స్నేర్, టామ్‌లను తాకుతూ వినండి. ఒంటరిగా అందంగా మోగిన టామ్, సింబల్ నాదాన్ని కప్పేస్తుంటే అది ఇంకా సరైన శ్రుతిలో లేనట్టే, కింది హెడ్‌ను కొంచెం పైకి తీసుకుని మోత నిడివి తగ్గించండి. తర్వాత మీ చోట మరొకరిని కూర్చోబెట్టి గది చివరి నుంచి వినండి. దగ్గరగా గణగణలాడే మోత అంత దూరం రాదు. మీరు టేపు వేయాలనుకున్నది ఆ మోతకే అయితే, టేపు అవసరం లేదు.

విశాఖ లయ:
ఈ రోజు సాధనలో అలాగే చేశాను. బాస్ డ్రమ్ 62 దగ్గర ఉంది, ఫ్లోర్ టామ్ హుమ్మనడం ఆగింది. పియానో కళాకారిణి కిట్ ముందు కూర్చుని వాయిస్తే గది చివరి నుంచి విన్నాను. 12 అంగుళాల టామ్ మోత ఇంకా రైడ్ మీద పడుతోంది, దాని కింది హెడ్‌ను రేపు సరిచేస్తాను. డబుల్ బాస్ కళాకారుడు మాత్రం దిండును మళ్లీ లోపల పెట్టవద్దని ఇప్పుడే చెప్పి వెళ్లారు.